దిగులు మందు సగంలో ఆపొద్దు

"తిని కూర్చుంటే దిగులు కాక ఏమొస్తుంది?" అని డిప్రెషన్ వచ్చిన ఆడమనిషిని ఎంత తేలిగ్గా అనేస్తామో! అది ఒంటికీ సంబంధించిన జబ్బేనండీ.

కొబ్బరినూనె సీసాకి మూత పెట్టకపోతే కొన్నాళ్ళకి కనరు వాసన వస్తుంది కదా! గాలిలోని ఆక్సిజన్ చేసే పని అది. మన ఒంట్లోనూ ఆక్సిజన్ ఖర్చయ్యేటప్పుడు ఫ్రీ రాడికల్స్ పుడతాయి. వాటిని అణిచే యాంటీ ఆక్సిడెంట్లూ ఉంటాయి. ఆ తూకం తప్పితే ఆక్సిడేటివ్ స్ట్రెస్ అంటారు. మనం పీల్చే ఆక్సిజన్‌లో సుమారు 20 శాతం మెదడే వాడుకుంటుంది. అందులో కొవ్వూ ఎక్కువే. అందుకే దానికి దెబ్బ తొందరగా తగులుతుంది.

కొవ్వు ఇలా చెడినప్పుడు పుట్టే మలోన్‌డైఆల్డిహైడ్ అనే పదార్థం డిప్రెషన్ ఉన్నవారి రక్తంలో ఎక్కువగా ఉన్నట్టు చాలా పరిశోధనల్లో కనబడింది. కొన్ని వారాల చికిత్స తర్వాత తగ్గినట్టు కూడా కొన్నింటిలో తేలింది. అయితే ఇది జబ్బుకి కారణమా, జబ్బువల్ల వచ్చిందా అన్నది ఇంకా తేలలేదు. రక్తపరీక్షతో డిప్రెషన్‌ని నిర్ధారించే పద్ధతీ లేదు. ఉసిరికాయ, జామకాయ తినండి, మంచిదే. మాత్రలకి బదులు మాత్రం కావు.

మా ఆలమూరులో ఒకావిడకి మందులతో నిద్ర పట్టింది, నలుగురితో మాట కలిపింది. "తగ్గిందిగా, అలవాటైపోతాయి" అని ఇంట్లోవాళ్ళు మాన్పించేశారు. రెండు నెలలు తిరక్కుండా మళ్ళీ మంచం పట్టింది.

ఈ మందులు సారాలాగా వ్యసనం కావు. మొదటి రోజుల్లో వికారం, తలనొప్పి ఉండొచ్చు. గుణం కనబడటానికి 2 నుంచి 4 వారాలు పడుతుంది. నెమ్మదించాక కూడా కనీసం 6 నెలలు వాడమంటారు. ఒక్కసారిగా ఆపితే కళ్ళు తిరుగుతాయి, నిద్ర పట్టదు. డాక్టరుగారు చెప్పినట్టు కొద్దికొద్దిగా తగ్గించాలి.

వంటింటి క్యాలెండరు మీద రోజూ నిద్ర, తిండి, స్నానం, మాట ఎలా ఉన్నాయో రాయండి. మార్పు తనకంటే ముందు మనకే తెలియవచ్చు. మొదటి వారాల్లో, ముఖ్యంగా 25 ఏళ్ళలోపు వాళ్ళలో, కుదురులేనితనం గానీ చావు మాటలు గానీ కనబడితే ఒంటరిగా వదలకండి. వెంటనే డాక్టరుగారికి చెప్పండి. 2022 అక్టోబరులో మొదలైన టెలి మానస్ నంబరు 14416. రాత్రీపగలూ ఉచితం, తెలుగులోనే మాట్లాడొచ్చు. ఆ నంబరు కూడా క్యాలెండరు మీదే రాసి ఉంచండి.