గుడి పేరుతో జరిగిన అన్యాయానికి రాజ్యం బాధ్యత లేదా?

జోగిని, బసివి, మాతమ్మ, దేవదాసి. ప్రాంతాన్నిబట్టి పేరూ, పద్ధతీ మారతాయి. ఆడపిల్లను దేవుడికిచ్చి 'పెళ్లి' చేసి, తర్వాత ఊరి పెత్తందార్ల పాలు చేయడం మాత్రం మారదు. ఈ మాటెత్తితే అధికారుల నోట వచ్చే మొదటి జవాబు 'మూఢనమ్మకం'. తప్పంతా ఆ తల్లిదండ్రుల అజ్ఞానానిదే అయితే, ప్రభుత్వం చేయవలసింది ప్రచారమూ, కాస్త దయా మాత్రమే అవుతుంది. చరిత్ర అలా చెప్పడం లేదు.

1858లో మద్రాసు ప్రభుత్వం వేసిన ఇనాం కమిషన్, ఆలయ సేవకుల మాన్యాలను విచారించి ఖాయం చేసింది. దేవదాసీల మాన్యాలూ వాటిలో ఉన్నాయి. సేవ చేస్తేనే భూమి. అంటే స్త్రీని గుడికి కట్టిన ముడి సర్కారు రిజిస్టరులోనే పడింది. 1920లలో ధర్మాదాయాల బోర్డు ఏర్పడి ఆలయాల నిర్వహణ కూడా ప్రభుత్వ పర్యవేక్షణలోకి వచ్చింది. ముత్తులక్ష్మి రెడ్డి పట్టుదలవల్ల 1929లో ఆ భూములను సేవనుంచి విడదీసి స్త్రీలకే వదిలారు. రాజ్యం తన బాధ్యతను కొంతైనా గుర్తించిన సందర్భం అది. కానీ మాన్యమే లేని దళిత స్త్రీకి దానివల్ల ఒరిగిందేమీ లేదు.

1947లో మద్రాసు రాష్ట్రం అంకితాన్ని నిషేధించింది. అప్పుడు ఆ రాష్ట్రంలోనే ఉన్న పల్నాటికీ ఆ చట్టం వర్తించింది. 1988లో ఆంధ్రప్రదేశ్ మరో చట్టం చేసింది. అంకితం చేసేవారికి, తల్లిదండ్రులతో సహా, జైలుశిక్ష ఉంది. జరిగిపోయినదానికి రాజ్యం జవాబుదారీ అన్న మాట లేదు. పాతికేళ్ల తర్వాత, 2013లో, రఘునాథరావు ఏకసభ్య కమిషన్ తేల్చిన లెక్క: దాదాపు 80 వేలమంది స్త్రీలు.

ఐర్లండులో క్రైస్తవ సన్యాసినులు నడిపిన మాగ్డలీన్ చాకిరేవుల్లో వేలమంది స్త్రీలు నిర్బంధంలో జీతం లేకుండా పనిచేశారు. అవి మఠాలవి, మాకేం సంబంధమని అక్కడి ప్రభుత్వం చాలాకాలం తప్పుకుంది. అక్కడికి చేరినవారిలో దాదాపు నాలుగోవంతు మందిని పంపింది ప్రభుత్వ యంత్రాంగమేనని 2013లో అధికారిక విచారణే తేల్చింది. ఆ నెలలోనే ప్రధాని పార్లమెంటులో క్షమాపణ చెప్పాడు. పరిహార పథకం వచ్చింది.

మన పాలకులూ గుళ్లు మావి కావనలేరు. హుండీ లెక్కలు చూసే దేవాదాయ శాఖకు, గుడి పేరున నలిగిన ఆడవాళ్ల లెక్క పట్టదా?

'మన దగ్గర అలాంటివి లేవు' అనేముందు, 2022లో ఏర్పడిన పల్నాడు జిల్లా యంత్రాంగం నరసరావుపేట, మాచర్ల, గురజాల ప్రాంతాల పాత ఇనాం రిజిస్టర్లను బయటపెట్టాలి. రెండు రాష్ట్రాల్లోనూ ఇంటింటి సర్వే జరగాలి. బాధిత స్త్రీలకు భూమి, పింఛను హక్కుగా రావాలి. పిల్లలను ఏ కార్యాలయంలోనూ తండ్రి పేరు అడగకూడదు. అన్నిటికన్నా ముందు శాసనసభ తన తప్పును ఒప్పుకోవాలి.

దయతో ఇచ్చింది ఏ ప్రభుత్వం మారినా ఆగిపోతుంది. బాకీ అలా ఆగదు. ఈ స్త్రీలకు రావలసింది బాకీయే.