జుక్కల్ పేజీకి నాలుగు భాషల గుర్తులు కావాలి

కామారెడ్డి జిల్లా బాన్సువాడ డివిజన్‌లోని జుక్కల్ ప్రాంతం మహారాష్ట్ర, కర్ణాటక సరిహద్దుల్లో ఉంది. తెలుగుతో పాటు మరాఠీ, కన్నడ, ఉర్దూ ఇక్కడ వినిపిస్తాయి. కౌలాస్ కోట గురించో, పింఛను దరఖాస్తు గురించో ఇక్కడి జనం కోసం వెబ్ పేజీ పెడితే ఈ నాలుగూ అందులో కలవక తప్పదు. ఏ ముక్క ఏ భాషదో ఆ పేజీ తన కోడ్‌లోనే చెప్పాలి.

హెచ్‌టీఎంఎల్‌లో ఇందుకు ‘లాంగ్’ అనే గుర్తు ఉంది. పేజీ మొత్తానికి ‘టీఈ’ అని పెట్టి, వాక్యం నడుమ వచ్చిన మరాఠీ మాటను ‘స్పాన్’లో ఉంచి ‘ఎంఆర్’ అని రాస్తే చాలు. పేరా అంతా మరాఠీ అయితే ఆ పేరాకే పెట్టవచ్చు. లిపిని చూసి కంప్యూటరే పోల్చుకుంటుందిలే అనుకోవడం పొరపాటు. మరాఠీ, హిందీ రెండూ దేవనాగరిలోనే రాస్తారు. పైగా మరాఠీలో ‘ల’, ‘శ’ అక్షరాల రూపం వేరు; ఆ రెండు రూపాలూ ఉన్న ఫాంటు ఈ గుర్తును చూసే సరైనదాన్ని ఎంచుకుంటుంది. ఉర్దూ పేరాకైతే కుడి నుంచి ఎడమకు అని దిశ కూడా చెప్పాలి.

చూపు లేనివారికి ఇది మరీ ముఖ్యం. 2011 జనగణన ప్రకారం దేశంలో చూపు లోపం ఉన్నవారు దాదాపు 50 లక్షలు. వారు వాడే, తెరపై ఉన్నదాన్ని చదివి వినిపించే ఎన్‌వీడీఏ వంటి స్క్రీన్ రీడర్ భాష గుర్తును బట్టి గొంతు మార్చుకుంటుంది. శీర్షికలకూ ఇలాంటి గుర్తే కావాలి. ‘హెచ్’ మీట నొక్కితే స్క్రీన్ రీడర్ శీర్షిక నుంచి శీర్షికకు దూకుతుంది. కానీ శీర్షికను ‘హెచ్2’గా గుర్తించకుండా అక్షరాలు పెద్దవి చేసి, ముదురు చేసి వదిలేస్తే అక్కడ శీర్షిక ఉన్నట్టే దానికి తెలియదు. దరఖాస్తు గడువు ఎప్పుడో తెలియాలంటే పేజీ మొత్తం వినాల్సిందే.

తెలుగుకు ఇంకో చిక్కు ఉంది. ఒత్తి పలకాల్సిన మాటకు ‘ఈఎం’ పెడితే బ్రౌజర్ దాన్ని వాల్చేస్తుంది. చాలా తెలుగు ఫాంట్లలో విడిగా వాలు రూపం ఉండదు. ఉన్న అక్షరాన్నే పక్కకు లాగడంతో గుడులు, ఒత్తులు వికారంగా కనిపిస్తాయి. అలాగని ‘ఈఎం’ను తీసేయకూడదు. దాన్ని ఉంచి, సీఎస్ఎస్‌లో వాలు మాన్పించి రంగో మందమో ఇవ్వాలి.

చట్టమూ ఈ వైపే ఉంది. 2016లో దివ్యాంగుల హక్కుల చట్టం వచ్చింది. డిజిటల్ సేవలు అందుకోవడం రాజ్యాంగం 21వ అధికరణంలోని జీవించే హక్కులో భాగమని సుప్రీంకోర్టు 2025 ఏప్రిల్ 30న తేల్చింది. ఎన్‌వీడీఏ ఉచితంగా దొరుకుతుంది. పేజీ తయారుచేసినవారికి బిల్లు చెల్లించే ముందు అధికారులు చూపు లేని ఒకరిని పిలిచి, ఆ పేజీని ఎన్‌వీడీఏతో తెలుగులోనూ మరాఠీలోనూ విని చెప్పమని అడగాలి. వారికి గడువు తేదీ దొరక్కపోతే బిల్లు ఆపాలి.