సంపాదకుని మాట: పచ్చనిదంతా అడవేనా?

డెహ్రాడూన్ కేంద్రంగా 1981లో ఏర్పడిన భారత అటవీ సర్వేక్షణ సంస్థ 1987 నుంచి సుమారు రెండేళ్లకోసారి దేశంలోని అడవుల లెక్క చెబుతోంది. కార్చిచ్చు రేగితే హెచ్చరిక పంపేదీ అదే. 2023 నివేదిక ప్రకారం దేశ విస్తీర్ణంలో అడవి 21.76 శాతం.

అయితే హెక్టారుకు మించిన నేలలో పది శాతం చెట్ల నీడ ఉంటే చాలు, అది ఈ లెక్కకెక్కుతుంది. నల్లమల అడవీ, జామాయిల్ తోటా ఒకే పద్దులో చేరతాయి. ఉపగ్రహం పచ్చదనాన్ని పట్టుకుంటుంది. తేనె తీసి బతికే చెంచులకు ఆ రెండింటి మధ్య ఉన్న తేడాను పట్టుకోలేదు.

ఈ సంస్థ అంకెల మీదే ప్రభుత్వ విధానాలు నిలుస్తాయి. అందుకే సహజారణ్యాన్నీ, నాటిన తోటనూ ప్రధాన లెక్కలోనే విడివిడిగా చూపాలని కోరుతున్నాం. ఈ సంచిక వ్యాసాలు చదివి, మీ ప్రాంతపు అడవి సంగతులు మాకు రాయండి.