బీరువా దించేముందు: పౌర గ్రంథాలయాల సంచాలకులకు బహిరంగ లేఖ

ఆంధ్రప్రదేశ్ పౌర గ్రంథాలయాల శాఖ సంచాలకులకు,

శాఖా గ్రంథాలయాల్లో కాలం చెల్లిన పుస్తకాలను ఏటా కొన్ని చొప్పున తీసెయ్యడానికి రాతపూర్వకమైన నియమం పెట్టమని అడగడానికే ఈ ఉత్తరం. ఎండోసల్ఫాన్‌ను సుప్రీంకోర్టు 2011లో ఆపేసింది. అంతకుముందు అచ్చయిన సేద్యం పుస్తకం తెరిస్తే, పత్తికి పురుగు పడితే ఆ మందే కొట్టమని ఇప్పటికీ చెబుతుంది. రాష్ట్రానికి 13 జిల్లాలని రాసిన పోటీ పరీక్షల గైడు 2022 ఏప్రిల్‌తో చెల్లిపోయింది. భారత శిక్షాస్మృతి స్థానంలో 2024 జులై 1న కొత్త సంహిత వచ్చింది. పాత కేసులు ఇంకా నడుస్తున్నాయి గనుక పాత స్మృతి ఒక ప్రతి ఉంచాలి, సరే, ఆరు ప్రతులెందుకు? ఇంటిపన్నులో రూపాయికి 8 పైసలు గ్రంథాలయ సుంకం కట్టేది తప్పుడు లెక్కలు చదువుకోవడానికి కాదు.

పుస్తకం సరస్వతి, పారేయకూడదంటారు. ఆ భక్తి కన్నా గ్రంథపాలకుణ్ణి ఆపేది రిజిస్టరు భయం. నంబరు వేసిన పుస్తకం తనిఖీలో కనబడకపోతే సొమ్ము తన జీతంలో పడుతుందేమోనని, చెదపట్టినదాన్ని కూడా తాడుతో కట్టి దాస్తాడు. వాడకంలో తిరిగే ప్రతి వెయ్యి పుస్తకాలకు ఏడాదికి 5 పోవడం సహజమేనని కేంద్రం 2017 ఆర్థిక నియమావళే ఒప్పుకుంది. పోయినవాటికే అంత వెసులుబాటు ఉన్నప్పుడు, చూసి, రాసి, సంతకం పెట్టి తీసినవాటికి శిక్ష దేనికి? ఏటా తీయనివ్వకపోతే జరిగేది ఒకటే. భవనం మారే రోజున మంచీచెడూ కలిసి తూకానికి పోతాయి.

అసలు అభ్యంతరం వేరే ఉంది: ఈ నియమం పేరుతో అరుదైనవి కూడా పోవా? పోతాయి, ఎవరూ ఇంటికి తీసుకెళ్లలేదన్నదే కొలబద్ద అయితే. 1918లో పుట్టిన వేటపాలెం సారస్వత నికేతనాన్ని పరిశోధకులు వెతుక్కుంటూ వెళ్లేది, మామూలు పాఠకుడు ముట్టని పాత పత్రికల కోసమే. కాబట్టి సమాచారం చచ్చిపోయిన గైడుకు ఒక కొలత, చిన్న ఊళ్లో అచ్చయిన శతకానికో కరపత్రానికో మరో కొలత కావాలి. రెండోరకంలో ఏది తీయాలన్నా మిగతా జిల్లా గ్రంథాలయ సంస్థల్లో ఇంకో ప్రతి ఉందో లేదో ముందు చూడాలి. లేకపోతే జిల్లా కేంద్రానికి పంపాలి తప్ప తూకానికి కాదు. తీయదలచిన వాటి జాబితా నెల రోజులు నోటీసు బోర్డు మీద ఉంచండి. ఎవరైనా వచ్చి ఫలానాది నాకు కావాలంటే, రసీదు రాసి ఇచ్చెయ్యండి.

ఇట్లు,
ఒక పాఠకుడు