బరువు తగ్గించే కొత్త మాత్రకు అనుమతి ఇచ్చే ముందు

డ్రగ్స్ కంట్రోలర్ జనరల్ గారికి,
కేంద్ర ఔషధ ప్రమాణాల నియంత్రణ సంస్థ, న్యూఢిల్లీ.

అయ్యా,

మీ బల్ల మీదికి ఇంకా రాని ఒక ఫైలు గురించి ఈ ఉత్తరం. ఈ ఏడాది కాకపోతే నాలుగేళ్లకైనా అది వస్తుందనే నా నమ్మకం. ఊబకాయం తగ్గించడానికి సీబీ1 గ్రాహకాన్ని అడ్డుకునే మందు అని దాని మీద రాసి ఉంటుంది. అది తెరిచేముందు రిమోనబాంట్ అనే పాత మందు ఫైలు ఒకసారి తెప్పించుకోమని మనవి.

గంజాయి తాగినవాడికి ఆకలి విపరీతంగా వేస్తుందని ఊళ్లో ఎవరిని అడిగినా చెబుతారు. కారణం మాత్రం ఆలస్యంగా తెలిసింది. మెదడు కణాల మీద గంజాయి మత్తుపదార్థం అతుక్కునే సీబీ1 గ్రాహకం జన్యువును 1990లో గుర్తించారు. 1992లో జెరూసలేంలో రఫేల్ మెకూలం బృందం, అదే గ్రాహకాన్ని తట్టే ఆనందమైడ్ అనే పదార్థం ఒంట్లోనే తయారవుతుందని కనిపెట్టింది. తడితే ఆకలి పెరిగేది, మూసేస్తే తగ్గాలి కదా! ఫ్రాన్స్‌కు చెందిన సనోఫీ ఈ లెక్కతోనే రిమోనబాంట్ తెచ్చింది. లెక్క తప్పలేదు కూడా. రోజుకు 20 మిల్లీగ్రాముల చొప్పున ఏడాది వాడినవాళ్లు, ఉత్తుత్తి మాత్ర మింగినవాళ్లకన్నా సుమారు 5 కిలోలు ఎక్కువ తగ్గారు. నడుము సన్నబడింది, మంచి కొలెస్టరాల్ పెరిగింది. 2006 జూన్‌లో యూరోపియన్ యూనియన్ అనుమతి ఇచ్చేసింది.

అయితే సీబీ1 చూసుకునేది ఆకలి ఒక్కటే కాదు. భయం చల్లారాలన్నా, ఆందోళన అదుపులో ఉండాలన్నా మెదడుకు అదే గ్రాహకం కావాలి. ఒకే స్విచ్చు మీద రెండు గదుల దీపాలు వెలుగుతున్న ఇల్లు లాంటిది. వంటగదిలో దీపం ఆర్పబోతే పడకగదీ చీకటైంది. 2007 జూన్‌లో అమెరికా ఔషధ సంస్థ ఎఫ్‌డీఏ నిపుణుల కమిటీ ఈ మందు వద్దని 14–0తో తేల్చింది. 2008 అక్టోబర్‌లో యూరప్ ఔషధ సంస్థ, మానసిక సమస్యల ముప్పు దాదాపు రెట్టింపవుతోందని చెప్పి అమ్మకాలు ఆపించింది. గుండె జబ్బుల మీద ప్రభావం తేల్చడానికి 18,695 మందితో నడుస్తున్న క్రెసెండో ట్రయల్ మధ్యలోనే ఆగిపోయింది. అప్పటికి అందులో మందు వాడినవారిలో నలుగురు, ఉత్తుత్తి మాత్ర వాడినవారిలో ఒకరు ఆత్మహత్య చేసుకున్నారు. ఇదే దారిలో ఉన్న మెర్క్, ఫైజర్ కూడా తమ మందులను వదిలేశాయి. మన దేశంలోనూ ఈ మాత్రను కొన్ని కంపెనీలు అమ్మాయి. దాన్ని నిషేధిస్తూ జీఎస్ఆర్ 884(ఈ) గెజిట్ వెలువడేసరికి 2009 డిసెంబర్ 11. యూరప్ ఆపేసి అప్పటికి ఏడాది దాటింది.

రిమోనబాంట్ తొలి ట్రయల్స్‌లో తీవ్రమైన మానసిక సమస్యలున్నవాళ్లను చేర్చుకోలేదు. బజారులో మాత్ర కొనేవాళ్లను అలా వడగట్టేది ఎవరు? లావుగా ఉన్నావని చుట్టాల చేత నిత్యం అనిపించుకునే మనిషికి దిగులు ఉండదా? నన్నడిగితే, ఈ మందుకు ముందుగా ఎగబడేది ఆ దిగులున్నవాళ్లే.

ఇప్పుడు అదే గ్రాహకం మళ్లీ వార్తల్లోకి వచ్చింది. సీబీ1 మెదడులోనే కాదు, కాలేయంలోనూ కొవ్వు కణాల్లోనూ ఉంటుంది. మెదడు జోలికి పోకుండా అక్కడే పనిచేసే మందు చేయొచ్చన్నది కొత్త ఆలోచన. నాకూ నచ్చిన ఆలోచనే. మాన్‌లూనాబాంట్ అనే అలాంటి మాత్ర కోసమే నోవో నార్డిస్క్ 2023లో కెనడా కంపెనీ ఇన్వర్సాగోను కొనేసింది. మరుసటి ఏడాది సెప్టెంబర్‌లో ఫలితాలు చెప్పింది. 10 మిల్లీగ్రాముల మోతాదుతో 16 వారాల్లో 7.1 కిలోలు తగ్గారు, ఉత్తుత్తి మాత్రతో 0.7 కిలో. మోతాదు పెంచితే బరువులో పెద్ద తేడా రాలేదు కానీ ఆందోళన, చిరాకు, నిద్రలేమి పెరిగాయి. మెదడు జోలికి పోకూడదనుకున్న మందుతోనే ఇలా జరిగింది!

నా భయమల్లా 2024 ఆగస్టులో మీ సంస్థ ఇచ్చిన వెసులుబాటు గురించే. అమెరికా, బ్రిటన్, జపాన్, ఆస్ట్రేలియా, కెనడా, యూరోపియన్ యూనియన్లలో అనుమతి పొందిన కొన్ని రకాల మందులకు ఇక్కడ ట్రయల్ అక్కర్లేదన్నారు. ఇప్పుడున్న చికిత్సకన్నా బాగా మెరుగైనవీ ఆ రకాల్లో ఉన్నాయి. అరుదైన జబ్బులకైతే సరే, నేనూ ఒప్పుకుంటాను. కానీ రిమోనబాంట్‌ను అమెరికా నిపుణులు కాదన్నారు, యూరప్ ఔనన్నది. ఈ నిబంధన 2006లోనే ఉండి ఉంటే, యూరప్ ముద్ర చూపించి ఇక్కడి ట్రయల్ తప్పించమని అడగడానికి దారి దొరికేది.

మా వైపు మందుల షాపు సంగతి మీకు తెలియనిది కాదు. నాలుగు మాత్రలు చాలంటే స్ట్రిప్పును కత్తెరతో అడ్డంగా కోసి కాగితం కవర్లో వేసి ఇస్తారు. మందు పేరు ఒక ముక్కమీద, హెచ్చరిక ఇంకో ముక్కమీద పోతాయి. చీమతల అక్షరాల ఇంగ్లీషు కరపత్రం పెట్టెలోనే మిగిలిపోతుంది. మూడు వారాల తర్వాత నిద్రపట్టక, ఊరికే ఏడుపు వస్తుంటే, అది మాత్ర పనే అని ఆ మనిషికి ఎలా తోస్తుంది? 2019–21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం ఆంధ్రప్రదేశ్ మహిళల్లో 36 శాతం, తెలంగాణలో 30 శాతం ఉండాల్సినదానికన్నా ఎక్కువ బరువున్నారు. బరువు తగ్గించే వెగోవీ, మౌంజారో ఇంజెక్షన్ల ఖరీదు భరించలేనివాళ్లకు మాత్ర అనే మాటే ఆశ పుట్టిస్తుంది.

తలుపు మూసేయమని అడగడం లేదు. సీబీ1 మందులకు ఆ ట్రయల్ మినహాయింపు వర్తించదని ముందే రాతపూర్వకంగా ప్రకటించండి. ఇక్కడి ట్రయల్‌లో దిగులు, ఆందోళన ఉన్నవాళ్లనూ మానసిక వైద్యుల పర్యవేక్షణలో, తగిన జాగ్రత్తలతో చేర్చుకోవాలని షరతు పెట్టండి. అనుమతి ఇస్తే మాత్రలు విడివిడిగా కోసి అమ్మే వీలు లేకుండా నెలకు సరిపడా ఒకే పెట్టెగా ఇప్పించండి. మనసు కుంగినా, నిద్రపట్టకపోయినా వెంటనే డాక్టరుకు చెప్పాలన్న మాట ఆ పెట్టెమీద తెలుగులోనూ పెద్ద అక్షరాల్లో ఉండాలి. వీటిలో ఏది కుదరదో, ఎందుకు కుదరదో మీ సంస్థ వెబ్‌సైట్‌లో అందరికీ కనిపించేలా జవాబివ్వాలని కోరుతున్నాను.

ఇట్లు,
విజయవాడ నుంచి ఒక పౌరుడు