వీరుని వకాల్తా

కాలయంత్రములు, గ్రహాంతరవాసులు, మానవాతీత బలసంపన్నులగు వీరులు: ఇట్టి కథలు పాశ్చాత్యుల సొత్తనియు, మనకు దిగుమతి సరకనియు కొందఱు పెద్దలు ఈసడించుచున్నారు. ఈ ఈసడింపు సరికాదు. వేల్సు మహాశయుని కాలయంత్ర నవల 1895లో వెలువడిన మాట నిజమే. 1991లో సింగీతం శ్రీనివాసరావుగారి ‘ఆదిత్య 369’ తెలుగు ప్రేక్షకుని అట్టి యంత్ర మెక్కించి కృష్ణదేవరాయల కొలువునకును, 2504వ సంవత్సరమునకును కొనిపోయెను. కాని రైవతుడు కూతురు రేవతికి తగిన వరుని తెలిసికొనుటకై బ్రహ్మలోకమున కేగి, అచట క్షణకాలము గానము విని నిలిచినంతలో భూలోకమున ఇరువదియేడు మహాయుగములు గడచెనని మన పురాణములు ఏనాడో చెప్పినవి.

అద్దంకివారికి ఈ సామగ్రి మఱింత దగ్గఱిది. 14వ శతాబ్దియందు గుండ్లకమ్మ చెంతనున్న ఈ యూరు ప్రోలయ వేమారెడ్డికి రాజధాని. ఆయన ఆస్థానకవి యెఱ్ఱాప్రగడ. నన్నయ విడిచిన అరణ్యపర్వశేషమును పూరించినవాడాయనయే. ఘోషయాత్రయు, కర్ణుని కవచకుండలముల దానమును ఆ శేషములోనివే. పాండవుల దైన్యమును పరిహసింపబోయిన దుర్యోధనుని ఆకాశచారులగు గంధర్వులు బంధించిరి. కర్ణుడు రణమువిడిచి తొలగెను. చెఱ విడిపించినవారు పాండవులే. సిగ్గుచే ప్రాయోపవేశమునకు దిగిన ఆ రాజును దానవులు పాతాళమునకు రప్పించుకొని, జయము నీదేయని ఉబ్బించిరి. ప్రాణదానము చేసినవారిని కాదని అతడు ఆ లోకాంతరవాసులనే నమ్మెను. దాని ఫలము కురుక్షేత్రము.

కర్ణుని సంగతి ఇంకను విచారింపదగినది. సహజకవచముతో పుట్టినవాడు, యాచించినవానికి దానిని ఒలిచి యిచ్చినవాడు, నేటి వీరకథలలోని ఏ నాయకునికి తీసిపోవును? అట్టివాని బలమంతయు అంగరాజ్య మిచ్చినవాని పక్షమున దాఖలయ్యెను. వకాల్తా పుచ్చుకొన్న న్యాయవాది కక్షిదారుని నట్టేట విడువరాదు. కాని కూటసాక్ష్యము పలికింపుమని కక్షిదారుడు పట్టుబట్టినచో వకాల్తా వదలుకొనుటయే ధర్మము. అన్నము పెట్టినవానియెడ కృతజ్ఞత వేఱు, వాని యన్యాయమునకు విల్లెక్కుపెట్టుట వేఱు. ఈ భేదము గుర్తింపని విశ్వాసము ఎంత చేటో మనకు తెలియనిది కాదు. 1919లో జలియన్‌వాలాబాగున డయ్యరు ఆజ్ఞపై నిరాయుధులను కాల్చిన తుపాకులను పట్టినది మన ఉపఖండపు చేతులే గదా! ఆ చేతులకు ధైర్యము తక్కువ కాదు. ఉప్పు తిన్నందుకు ఋణము తీర్చుకొనుచున్నామని అవి తలచియుండవచ్చును.

2024లో నాగ్ అశ్విన్‌గారి ‘కల్కి 2898 ఏ.డి.’ ఈ చిక్కునే ముట్టినది. కర్ణుని మరుజన్మగా చూపిన భైరవుడు కాంప్లెక్సను భోగస్థానమున చోటు దొరకునను ఆశచే, లోకరక్షకుని మోయుచున్న తల్లినే పట్టియీయ బూనును. కోట్ల వ్యయముతో నిర్మించిన యంత్రములకంటె ఈ ఒక్క సంకటమే కథకు ప్రాణము.

కావున ఇట్టి కథలను వెలివేయుడని మేము కోరము. వ్రాయువారు వీరుని బలమును ఎంత పెంచినను పెంచుదురుగాక, ఆ బలము ఎవరి పక్షమున నిలిచినదో, ఏ క్షణమున తన పొరపాటును గ్రహించినదో దాచక చూపవలెను. చిత్రము చూచి వచ్చిన బాలుడు వీరుడెంత యెత్తునకు ఎగిరెనో చెప్పును. ఎవరి కొఱకు ఎగిరెనని తల్లిదండ్రులు ఒక్క ప్రశ్న వేయుదురు గాక. ఆ బాలుడును రేపు ఎవరికో ఒకరికి కొలువు చేయవలసినవాడే.