‘డెలివరీ అయింది’ అన్న మాటకు రుజువు ఎవరు చూపాలి?

దశాబ్దాలుగా కోర్టు నోటీసులకూ, ఉద్యోగ నియామక పత్రాలకూ, బ్యాంకు ఉత్తరాలకూ భరోసాగా నిలిచిన రిజిస్టర్డ్ పోస్టు 2025 అక్టోబర్ 1 నుంచి ప్రత్యేక సేవగా లేదు. తపాలా శాఖ దానిని స్పీడ్ పోస్టులో విలీనం చేసి, అదే రోజు నుంచి రెండు ఐచ్ఛిక సౌకర్యాలను జోడించింది. మొదటిది రిజిస్ట్రేషన్. దీనిని ఎంచుకుంటే కవరును చిరునామాదారుకు గానీ, ఆయన అధికారమిచ్చిన వ్యక్తికి గానీ మాత్రమే అందజేస్తారు. రెండోది ఓటీపీ సరిచూసుకున్న తరువాతే జరిగే బట్వాడా. ఒక్కొక్క దానికి 5 రూపాయల రుసుము, దానిపై జీఎస్టీ.

మార్పు చిన్నదిగానే కనిపిస్తుంది. కానీ దేశంలో పార్సిల్ రవాణా మొత్తాన్నీ వెంటాడుతున్న ప్రశ్న దీని వెనుక ఉంది. పంపిన వస్తువు చేరిందని ఎవరు నిర్ధారించాలి? చేరలేదని తేలితే నష్టం ఎవరు భరించాలి?

రుజువు తయారయ్యేది ఎక్కడ?

పార్సిల్ అందకుండానే ‘డెలివరీ అయింది’ అన్న సందేశం రావడం, ఇంట్లో మనుషులు ఉండగానే ‘తాళం వేసి ఉంది’ అని నమోదు కావడం, ఫోను మోగకుండానే ‘కస్టమర్ తీసుకోవడానికి నిరాకరించారు’ అని తేలడం వినియోగదారులు తరచుగా చెప్పే ఫిర్యాదులు. వీటన్నిటికీ మూలం ఒక్కటే. వస్తువు చేరిందా లేదా అన్న నమోదును చేసేది, ఆ నమోదుపైనే ఆదాయం ఆధారపడిన పక్షం.

బుకింగ్ కౌంటర్, హబ్, స్థానిక ఫ్రాంచైజీ, చివరగా ఇంటికి వచ్చే బాయ్ – ఇన్ని చేతులు మారి పార్సిల్ గడప చేరుతుంది. చాలాచోట్ల చివరి వ్యక్తికి దక్కేది నెల జీతం కాదు, అందించిన ఒక్కో పార్సిల్‌కు కొంత మొత్తం. సాయంత్రానికి సంచీ ఖాళీ కావాలన్న ఒత్తిడి ఒకవైపు, సరిగా లేని చిరునామాలు మరోవైపు. దొరకని ఇంటి కోసం అరగంట తిరిగితే ఆ అరగంటకు కూలి లేదు. అందువల్ల ప్రతి తప్పుడు నమోదునూ వ్యక్తి నిజాయతీ లోపంగా చూస్తే సమస్యలో సగమే కనిపిస్తుంది. మిగతా సగం పని విధానంలో ఉంది.

రుజువుగా చూపే ఆధారాలకూ పరిమితులున్నాయి. ఫోను తెరపై వేలితో గీసిన గీతను ఎవరి సంతకంతోనూ పోల్చి చూడరు. గుమ్మం ముందు పెట్టిన పెట్టె ఫొటో, పెట్టె అక్కడ ఉన్నదని చెబుతుందే తప్ప ఎవరి చేతికి అందిందో చెప్పదు. ఓటీపీ వీటికంటే బలమైనదే. అయితే మూసిన పెట్టె చేతికి వచ్చిందని మాత్రమే అది నిరూపిస్తుంది. లోపల ఏముందో దానికి తెలియదు. పెట్టె విప్పక ముందే ఓటీపీ చెప్పిన కొనుగోలుదారు, లోపల వేరే వస్తువు ఉందని తరువాత నిరూపించుకోవలసిన స్థితిలో పడతారు.

పంపినవారి కష్టం

నష్టం కొన్నవారిది మాత్రమే కాదు. పోచంపల్లిలోనో, మంగళగిరిలోనో చీరలు నేసి ఫోన్ ద్వారా అమ్ముకునే కుటుంబానికి, ‘నిరాకరించారు’ అన్న ఒక్క నమోదుతో సరుకు వెనక్కి వస్తుంది. వెళ్లిన ఖర్చు, తిరిగి వచ్చిన ఖర్చు రెండూ తరచుగా పంపినవారి మీదే పడతాయి. కొనేవారు నిజంగానే వద్దన్నారా, అసలు వారి ఇంటికి ఎవరైనా వెళ్లారా అన్నది తెలుసుకునే దారి వారికి ఉండదు.

ఇక చట్టపరమైన పత్రాల విషయంలో ఈ నమోదుకు మరింత బరువుంది. చెక్కు చెల్లని కేసులో నోటీసు అందిన నాటి నుంచి 15 రోజుల్లో డబ్బు చెల్లించకపోతే ప్రాసిక్యూషన్‌కు దారి ఏర్పడుతుంది. సరైన చిరునామాతో రిజిస్టర్డ్ పోస్టులో పంపిన పత్రం అందినట్టే భావించాలని 1897 నాటి జనరల్ క్లాజెస్ చట్టంలోని 27వ సెక్షన్ చెబుతుంది. అందలేదని నిరూపించే భారం అవతలివారిదే. సివిల్ కోర్టు సమన్లను హైకోర్టు ఆమోదించిన కొరియర్ల ద్వారా పంపే వీలు కూడా చట్టంలో ఉంది. తీసుకోవడానికి ప్రతివాది నిరాకరించారని కొరియర్ ప్రతినిధి రాస్తే, సమన్లు అందినట్టే కోర్టు ప్రకటించవచ్చు. ఒక ఉద్యోగి రాసే రెండు మాటలు ఒకరి హక్కులను నిర్ణయించగలవన్న మాట.

చిన్న అక్షరాల షరతులు

పార్సిల్ పోయిందని తేలినా పరిహారం సులువు కాదు. కొరియర్ రసీదు వెనుక చిన్న అక్షరాల్లో బాధ్యత పరిమితి ఉంటుంది. భారతి నిట్టింగ్ కంపెనీ కేసులో 1996లో సుప్రీంకోర్టు ఇచ్చిన తీర్పు ఇందుకు ప్రధాన ఆధారం. విదేశానికి పంపిన కవరు చేరక లక్షల్లో నష్టపోయామని ఆ కంపెనీ వాదించింది. పంపినవారు సంతకం చేసిన ఒప్పందంలోని షరతుకు కట్టుబడవలసిందేనని, పరిహారం 100 డాలర్లకే పరిమితమని కోర్టు నిర్ణయించింది. సంతకం ఉందా, షరతు పంపినవారి దృష్టికి వచ్చిందా అన్న అంశాలు అందుకే ఇలాంటి వివాదాల్లో కీలకమవుతాయి.

తపాలా శాఖకు చట్టమే రక్షణ కల్పించింది. 1898 నాటి చట్టం స్థానంలో వచ్చిన 2023 పోస్టాఫీస్ చట్టం 2024 జూన్ 18 నుంచి అమలులో ఉంది. నిబంధనల్లో ప్రత్యేకంగా పేర్కొన్న మేరకు తప్ప సేవల విషయంలో శాఖకు బాధ్యత ఉండదని అదీ చెబుతోంది. ప్రైవేటు కొరియర్ల సంగతి మరొకటి. టెలికాం రంగానికి ట్రాయ్ ఉన్నట్టు, బీమాకు ఐఆర్‌డీఏఐ ఉన్నట్టు ఈ రంగానికి ప్రత్యేక నియంత్రణ సంస్థ లేదు. ‘డెలివరీ’ అంటే ఏమిటి, ఏ ఆధారం ఉంటే అది జరిగినట్టు లెక్క అన్నదానికి అందరికీ వర్తించే నిర్వచనమూ లేదు.

ఉన్న దారులు

అయినా వినియోగదారుకు దారులు పూర్తిగా మూసుకుపోలేదు. ఆన్‌లైన్‌లో కొన్న వస్తువు అందకపోతే కొరియర్ వెంట పడవలసిన అవసరం లేదు. డబ్బు తీసుకున్న విక్రేతనూ, వేదికనూ ప్రశ్నించవచ్చు. 2020 ఈ-కామర్స్ నిబంధనల ప్రకారం ఫిర్యాదు అందినట్టు 48 గంటల్లో తెలియజేయాలి, నెలలోగా పరిష్కరించాలి. ఫలితం లేకపోతే జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915 ఉంది. ఆపైన జిల్లా వినియోగదారుల కమిషన్. 2019 చట్టం ప్రకారం ఫిర్యాదుదారు తాను నివసించే చోటే కేసు వేయవచ్చు. చెల్లించిన మొత్తం 5 లక్షల రూపాయల వరకు ఉంటే కోర్టు రుసుము లేదు. రెండేళ్ల గడువు దాటకూడదు.

ఇక్కడ గెలుపోటములను నిర్ణయించేది ఆధారాలే. బుకింగ్ రసీదు, ట్రాకింగ్ తెర చిత్రాలు, కాల్ వివరాలు, పెట్టె విప్పుతూ తీసిన వీడియో దాచుకోవాలి. ‘అందలేదు’ అన్న ఫిర్యాదును అదే రోజు రాతపూర్వకంగా పంపాలి. ట్రాకింగ్ సమాచారం ఎల్లకాలం తెరపై ఉండదు.

ఓటీపీ విషయంలో మరో జాగ్రత్త అవసరం. చిరునామా అసంపూర్తిగా ఉందంటూ తపాలా శాఖ పేరుతో వచ్చే లింకులు నకిలీవని ప్రభుత్వ నిజనిర్ధారణ విభాగం హెచ్చరించింది. పార్సిల్‌లో మాదకద్రవ్యాలు దొరికాయని బెదిరించి డబ్బు గుంజే ముఠాలూ ఉన్నాయి. పార్సిల్ ఎదుట లేకుండా ఫోనులో ఓటీపీ అడిగితే చెప్పకూడదు. మోసపోతే వెంటనే 1930కి ఫోన్ చేయాలి.

మిగిలిన పని

చిరునామా సమస్యకు సాంకేతిక పరిష్కారం రూపు దిద్దుకుంటోంది. ఐఐటీ హైదరాబాద్, ఇస్రోకు చెందిన నేషనల్ రిమోట్ సెన్సింగ్ సెంటర్ల సహకారంతో తపాలా శాఖ రూపొందించిన డిజిపిన్, దేశాన్ని సుమారు 4 మీటర్ల చదరాలుగా విభజించి ప్రతి చదరానికీ పది అక్షరాల సంకేతం ఇస్తుంది. 1972లో వచ్చిన పిన్‌కోడ్ ఊరిని గుర్తిస్తే, ఇది గుమ్మాన్ని గుర్తిస్తుంది. డెలివరీ నమోదైన స్థలం ఈ చదరంతో సరిపోలిందా అని చూసే ఏర్పాటు చేస్తే, గడప తొక్కకుండానే ‘తాళం వేసి ఉంది’ అని రాయడం కష్టమవుతుంది.

కానీ సాంకేతికత తీర్చలేనిది బాధ్యత ప్రశ్న. వివాదం వచ్చినప్పుడు పూర్తి డెలివరీ రికార్డు కొరియర్ దగ్గరే ఉంటుంది. అందలేదని నిరూపించమని గ్రహీతను అడగడం, లేని దానికి సాక్ష్యం తెమ్మనడమే. రికార్డు ఎవరి చేతిలో ఉందో రుజువు భారమూ వారిదే కావాలి. తపాలా శాఖ 5 రూపాయలకు అందిస్తున్న భరోసా ఇప్పటికి కోరుకున్నవారికే పరిమితం. అది ప్రతి పార్సిల్‌కూ దక్కవలసిన కనీస హక్కుగా మారాలంటే నిబంధన కావాలి. ఆ నిబంధనలో ఇల్లు వెతుక్కుంటూ వచ్చే కార్మికుడి సమయానికి కూడా విలువ కట్టాలి.